డబ్బా మాంసం లేబుల్ చదవాలంటే పక్కన కాటా ఉండాలి

సరుకు రవాణా ఓడల్లో 21 ఏళ్లు వంట చేశాను. ఓడ రేవు వదిలి మూడు నాలుగు వారాలు గడిచేసరికి వంటగదిలో పచ్చి మాంసం అడుగంటుతుంది. కూరగాయల్లో బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, క్యాబేజీ మిగులుతాయి. అప్పుడు సరుకుల గదిలో అడుగు అరలో ఉన్న డబ్బాలు పైకి వస్తాయి. ఉప్పు పెట్టిన గొడ్డుమాంసం, పంది మాంసపు ముద్ద, చిన్న సాసేజీలు, కోడి మాంసం. వీటిని వేల సంఖ్యలో తెరిచాను. అయినా లేబుల్ చదవడం నాకు ఉద్యోగంలో చేరిన పదమూడో ఏడాదికి గాని రాలేదు.

ఆ ఏడాది ఒక ప్రయాణంలో నడిసముద్రంలో శీతల గది యంత్రం చెడిపోయింది. లోపలి మాంసమంతా పారేయవలసి వచ్చింది. 22 మందికి 11 రోజుల పాటు రెండు పూటలా డబ్బా మాంసమే వండి పెట్టాను. తొమ్మిదో రోజున చీఫ్ ఇంజినీర్ వంటగదికి వచ్చి కూర్చున్నారు. ఆయనకు రక్తపోటు ఉంది, రోజూ మాత్ర వేసుకుంటారు. కాళ్లు వాచి బూట్లు పట్టడం లేదు. ఓడలో మందుల బాధ్యత చూసే అధికారి కొలిస్తే 178/104 వచ్చిందట. "వంటలో ఉప్పు ఎంత వేస్తున్నారు?" అని అడిగారు. "చిటికెడు కూడా వేయడం లేదు సార్, డబ్బాలో ఉన్నదే" అన్నాను. అది నిజం కూడా.

లేబుల్ తీసి చూపించాను. సోడియం 790 మిల్లీగ్రాములని ఉంది. నాకు అది పెద్ద అంకెలా ఎప్పుడూ తోచలేదు. ఆయన లెక్కల మనిషి. పైన సన్న అక్షరాల్లో ఉన్న వరుస మీద వేలు పెట్టి, "ఇది 56 గ్రాములకు రాసిన అంకె. నా పళ్లెంలో పెడుతున్నది ఎంత?" అన్నారు. నేను ఏనాడూ తూచలేదు. ఇద్దరం కలిసి అప్పుడే తూచాము. అర డబ్బా, 170 గ్రాములు. లేబుల్ ఒక వడ్డనగా లెక్కవేసే మోతాదును సర్వింగ్ అంటారు, ఇక్కడ అది 56 గ్రాములు. అంటే మూడు సర్వింగ్‌లు. 790ని మూడుతో గుణిస్తే 2,370. పెద్దవాళ్లు రోజంతటికీ 2,000 మిల్లీగ్రాముల కన్నా తక్కువ సోడియం తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ హద్దును నేను ఒక్క పూటలోనే దాటించి, రాత్రికి మళ్లీ అంతే వడ్డిస్తున్నాను. ఉప్పు వేయలేదని నాకు నేను ధైర్యం చెప్పుకుంటూ.

అప్పటి నుంచి నేను పాటించిన పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. డబ్బా మాంసం తినవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. అది మనుషుల ఆకలి తీర్చిన తిండి, నేనూ తిన్నాను. ఎంత తింటున్నామో తెలిసి తినడం ఎలాగన్నదే విషయం.

అన్నిటికంటే ముందు చూడవలసిన వరుస

లేబుల్ చేతిలోకి రాగానే కళ్లు కేలరీల దగ్గరికి పోతాయి. వాటిని అక్కడే ఉంచి, సర్వింగ్ ఎన్ని గ్రాములో, డబ్బాలో ఎన్ని సర్వింగ్‌లు ఉన్నాయో చూడండి. కింద ఉన్న ప్రతి అంకె ఈ వరుస మీద ఆధారపడి ఉంటుంది.

లెక్కకు స్పామ్‌ను తీసుకుందాం. 1937లో అమెరికాలో హార్మెల్ కంపెనీ మొదలుపెట్టిన ఈ పంది మాంసపు డబ్బా ఎన్నో దేశాల్లో దొరుకుతుంది. మామూలు రకం డబ్బా 340 గ్రాములు. అమెరికా లేబుల్ ప్రకారం సర్వింగ్ 56 గ్రాములు, డబ్బాలో ఆరు సర్వింగ్‌లు. ఒక్కో సర్వింగ్‌లో 180 కేలరీలు, 16 గ్రాముల కొవ్వు, అందులో 6 గ్రాములు సంతృప్త కొవ్వు, 790 మిల్లీగ్రాముల సోడియం, 7 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి.

ఇప్పుడు డబ్బాలోని ముద్దను పలక మీదకు దించి ఆరు సమాన భాగాలుగా కోయండి. ఒక భాగాన్ని కాటా మీద పెట్టండి. ఆ ముక్కను బాగా చూడండి. అరచేతిలో ఒక మూలన ఇమిడిపోయేంత ఉంటుంది. ఆకలితో ఉన్నవారు అంతటితో ఆగడం నేను చూడలేదు. తర్వాత మీరు మామూలుగా వడ్డించుకునేంత తీసి దాన్నీ తూచండి. రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే మీ పళ్లెంలో ఎన్ని సర్వింగ్‌లు ఉన్నాయో తెలుస్తుంది. లేబుల్‌లోని ప్రతి అంకెనూ దానితో గుణించుకోండి. నాలుగైదు సార్లు ఇలా తూచాక కంటికి అలవాటవుతుంది. తర్వాత కాటా లేకపోయినా అయిదు పది గ్రాముల తేడాతో చెప్పగలుగుతారు.

రెండు రకాల డబ్బాలను పోల్చేటప్పుడు మాత్రం సర్వింగ్ లెక్క పనికిరాదు. ఒక కంపెనీ 56 గ్రాములు అంటుంది, మరొకటి 85 అంటుంది. కాబట్టి రెండింటినీ 100 గ్రాములకు మార్చుకోవాలి. లేబుల్ అంకెను సర్వింగ్ గ్రాములతో భాగించి 100తో గుణించడమే. 56 గ్రాముల సర్వింగ్ అయితే 1.8తో గుణిస్తే సరిపోతుంది. అలా చూస్తే స్పామ్ 100 గ్రాముల్లో 320 కేలరీలు, 28 గ్రాములకు పైగా కొవ్వు, 12 గ్రాములకు పైగా ప్రొటీన్, 1,400 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉన్నట్టు. యూరప్ లేబుల్ మీద 100 గ్రాముల లెక్కే ముద్రించి ఉంటుంది. అక్కడ శక్తిని కిలోజౌళ్లలో కూడా రాస్తారు. అది ఒక్కటే కనిపిస్తే 4.2తో భాగించండి, కేలరీలు వస్తాయి.

చిన్న సాసేజీల డబ్బాల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. వాటిలో నీళ్లో రసమో ఉంటుంది. డబ్బా మీద పెద్దగా కనిపించే నికర బరువులో ఆ రసం కూడా కలిసి ఉండవచ్చు. రసం వంచేసిన తర్వాత మిగిలే బరువును కొన్నిటి మీద విడిగా రాస్తారు. రాయకపోతే వంచి తూచుకోవడమే. డబ్బాలో మాంసం ఎంత ఉందో అప్పుడు తెలుస్తుంది.

ఉప్పు లెక్క

ఈ ఒక్క భాగం కోసమే ఇదంతా రాస్తున్నానని అనుకున్నా తప్పులేదు.

కొన్ని లేబుళ్లు సోడియం అని రాస్తాయి, కొన్ని ఉప్పు అని రాస్తాయి. రెండూ ఒకటి కావు. సోడియాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు వస్తుంది. 790 మిల్లీగ్రాముల సోడియం అంటే దాదాపు 2 గ్రాముల ఉప్పు. 100 గ్రాముల ముద్దలో మూడున్నర గ్రాములు. రోజుకు 2,000 మిల్లీగ్రాముల సోడియం హద్దును ఉప్పుగా చెబితే 5 గ్రాములు, ఒక చిన్న చెంచాకు కాస్త తక్కువ. ఒకసారి 2 గ్రాముల ఉప్పును కాటా మీద పోసి చూడండి. ఆ చిన్న కుప్పను ఒక్క ముక్క మీద చల్లుకుంటామా? డబ్బాలో అది మాంసంలో కలిసిపోయి ఉంటుంది. కొవ్వు, చక్కెర దాని పదును తగ్గిస్తాయి, అందుకే నాలుకకు అంత ఉప్పు ఉన్నట్టు తెలియదు.

పచ్చి పంది మాంసంలో సహజంగా ఉండే సోడియం 100 గ్రాములకు 60 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. డబ్బాలో 1,400. మాంసానికి సోడియం ఇరవై రెట్లకు పైగా పెరిగిందన్నమాట. ఉప్పు అక్కడ రుచికి మాత్రమే వేయరు. నూరిన మాంసంలోని ప్రొటీన్‌ను కరిగించి, ముక్కలన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్ద కట్టేలా చేసేది అదే. నీటిని పట్టి ఉంచేదీ అదే. అందువల్ల పూర్తిగా ఉప్పు లేని ముద్దను తయారు చేయడం కష్టం.

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో "25 శాతం తక్కువ సోడియం" అని ఉంటే, ఆ పోలిక అదే రకం మామూలు డబ్బాతో. 790లో నాలుగో వంతు తీసేస్తే 590 మిగులుతుంది. అమెరికా లేబుళ్ల మీద రోజువారీ విలువ శాతం అని ఒక వరుస ఉంటుంది. 5 శాతం, అంతకన్నా తక్కువ అయితే కొద్దిగా ఉన్నట్టు. 20 శాతం, అంతకన్నా ఎక్కువ అయితే ఎక్కువగా ఉన్నట్టు. అక్కడ సోడియానికి రోజువారీ విలువ 2,300 మిల్లీగ్రాములు. 790 అంటే 34 శాతం. తగ్గించిన 590 కూడా 26 శాతం, ఇంకా ఎక్కువ కిందికే వస్తుంది. బ్రిటన్‌లో డబ్బాల ముందు వైపు వేసే రంగుల గుర్తుల పద్ధతిలో 100 గ్రాములకు ఒకటిన్నర గ్రాముల ఉప్పు దాటితే ఎరుపు. మూడున్నర గ్రాములు దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. తగ్గించిన రకాన్ని కొనడం మంచిదే, నేనైతే దాన్నే తెప్పించేవాడిని. కానీ అది ఉప్పు తక్కువ ఉన్న తిండి అని నమ్మి రెండు ముక్కలు ఎక్కువ వేసుకుంటే చేసిన మేలు అక్కడే పోతుంది.

ఇంకో హెచ్చరిక. సోడియం తగ్గించిన కొన్ని ఉత్పత్తుల్లో ఉప్పుకు బదులుగా పొటాషియం క్లోరైడ్ వాడతారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు, కొన్ని రకాల రక్తపోటు మందులు వాడేవాళ్లకు పొటాషియం పెరగడం ప్రమాదం. పదార్థాల జాబితాలో ఆ పేరు కనిపిస్తే డాక్టరును అడిగాకే తినండి.

కొవ్వును ప్రొటీన్‌తో పోల్చండి

"మాంసం కదా, బలం" అని ఓడలో అందరూ అనేవారు. అది డబ్బాను బట్టి ఉంటుంది. నేను చూసే గుర్తు చాలా సులువు. ప్రొటీన్ గ్రాములు, కొవ్వు గ్రాములు పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువో చూస్తాను.

స్పామ్‌లో కొవ్వు 16, ప్రొటీన్ 7. గ్రాము కొవ్వుకు 9 కేలరీలు, గ్రాము ప్రొటీన్‌కు 4. 180 కేలరీల్లో 144 కొవ్వువే, అంటే నూటికి 80. ప్రొటీన్ నుంచి వచ్చేది 28 మాత్రమే. డబ్బాల్లో వచ్చే ఉప్పు పెట్టిన గొడ్డుమాంసం సంగతి వేరు. 100 గ్రాముల్లో సుమారు 250 కేలరీలు, 15 గ్రాముల కొవ్వు, 27 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. అంటే కేలరీల్లో 40 శాతానికి పైగా ప్రొటీన్‌వే. ఆ మాంసాన్ని డబ్బాలో నింపే ముందే ఉడికిస్తారు. నీరు, కొంత కొవ్వు అక్కడే పోతాయి కాబట్టి మిగిలినదానిలో ప్రొటీన్ చిక్కబడుతుంది. సోడియం కూడా 900, 1,000 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. అది తక్కువేమీ కాదు గాని పంది మాంసపు ముద్ద కన్నా నయం. పేరులోనే ఉప్పు ఉన్న డబ్బాలో ఉప్పు తక్కువ ఉండటం నాకు మొదట నమ్మశక్యం కాలేదు. మళ్లీ మళ్లీ లెక్క వేశాను. ప్రొటీన్ మాత్రమే చూస్తే ఈ మూడింటిలో చిన్న సాసేజీలు అడుగున ఉంటాయి. 100 గ్రాములకు సుమారు 230 కేలరీలు, 19 గ్రాముల కొవ్వు, పదిన్నర గ్రాముల ప్రొటీన్.

సంతృప్త కొవ్వును విడిగా చూడండి. స్పామ్ సర్వింగ్‌లో 6 గ్రాములు, అర డబ్బాకు 18. అమెరికా లెక్కలో రోజంతటికీ 20. డబ్బా తెరవగానే అంచుల్లో తెల్లగా పేరుకుని కనిపించేది కొవ్వు, చెంచాతో తీసేయవచ్చు. పక్కనే లేత రంగులో వణుకుతూ కనిపించేది కొవ్వు కాదు, మాంసంలోని కొలాజెన్ ఉడికి కరిగి చల్లారాక గట్టిపడిన జెలటిన్. అదీ ప్రొటీనే, కాని ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం దానిలో లేదు. జాబితాలో చర్మం, స్నాయువులు ఎక్కువగా ఉన్న డబ్బాలో ప్రొటీన్ అంకె బాగానే కనిపిస్తుంది గాని, దానిలో కొంత ఇలాంటి అసంపూర్ణ ప్రొటీన్ అని గుర్తుంచుకోవాలి.

పదార్థాల జాబితా

బరువులో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత. ఈ క్రమం ఒక్కటి తెలిస్తే జాబితా సగం అర్థమైనట్టే. స్పామ్ జాబితా చిన్నది: పంది మాంసం, ఉప్పు, నీరు, మార్పు చేసిన బంగాళాదుంప పిండి, చక్కెర, సోడియం నైట్రైట్. ఉప్పు రెండో చోట, నీటి కంటే ముందు ఉంది. పైన వేసిన లెక్కంతా ఆ ఒక్క క్రమంలోనే కనిపిస్తుంది. పిండి పని నీటిని పట్టి ఉంచడం. పిండి, సోయా, గోధుమ లాంటివి జాబితాలో ఎంత ముందుకు జరిగితే డబ్బాలో మాంసం అంత తగ్గినట్టు. యూరప్ లేబుళ్ల మీద మాంసం ఎంత శాతమో కూడా రాయాలి. అది కనిపిస్తే వదలకండి.

"యంత్రంతో వేరు చేసిన మాంసం" అని ఉంటే, కత్తితో కోయగా ఎముకలకు అంటుకుని మిగిలినదాన్ని ఎముకలతో సహా యంత్రంలో నొక్కి జల్లెడ గుండా తీసిన మెత్తటి ముద్ద అని అర్థం. చిన్న సాసేజీల్లో కోడి మాంసం తరచూ ఇదే. విషం కాదు, తినదగినదే. ఎముకల పొడి కొద్దిగా చేరడం వల్ల కాల్షియం కొంచెం పెరుగుతుంది కూడా. అయితే ఫొటోలో కనిపించే కండ ముక్క లోపల లేదని తెలుసుకుని కొనండి.

కొన్ని చోట్ల పేర్లకు బదులు అంకెలు ఉంటాయి. ఇ250 (లేబుల్ మీద E250) అంటే సోడియం నైట్రైట్, ఇ252 అంటే పొటాషియం నైట్రేట్. ఇ450 నుంచి ఇ452 వరకు ఫాస్ఫేట్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు గమనించవలసినవి. ఇ301 సోడియం ఆస్కార్బేట్. ఇది విటమిన్ సి రూపమే గాని పోషణ కోసం వేసింది కాదు. రంగు నిలబడటానికి, నైట్రైట్ నుంచి హానికరమైన నైట్రోసమైన్లు ఏర్పడటాన్ని తగ్గించడానికి వేస్తారు.

నైట్రైట్ గురించి భయపడేవాళ్లూ, అసలు పట్టించుకోనివాళ్లూ ఉన్నారు. దాని పని తెలిస్తే రెండూ తగ్గుతాయి. ఫ్రాన్సులో నికొలా అపేర్ గాజు సీసాల్లో తిండిని మూసి మరిగించి నిలవ చేసే పద్ధతికి 1810లో 12,000 ఫ్రాంకుల బహుమతి అందుకున్నాడు. అదే ఏడాది ఇంగ్లండులో పీటర్ డ్యూరాండ్ లోహపు డబ్బాకు పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి సూక్ష్మజీవుల సంగతి వాళ్లకు తెలియదు. గాలి చొరబడని డబ్బాలో బతకగలిగే క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బ్యాక్టీరియా ఉంది. దాని బీజాలు మరిగే నీటిలోనూ చావవు. ఆవిరి పీడనంతో 121 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వేడి ఎక్కిస్తే చస్తాయి. అవి మొలకెత్తితే వచ్చే విషం మనిషి ప్రాణం తీస్తుంది. నైట్రైట్ అవి మొలకెత్తి పెరగడాన్ని అడ్డుకుంటుంది. మాంసానికి గులాబీ రంగునూ, ఆ ప్రత్యేకమైన రుచినీ ఇచ్చేది కూడా అదే. "నైట్రైట్ కలపలేదు" అని రాసి జాబితాలో సెలెరీ పొడి ఉందంటే, ఆ ఆకుకూరలోని నైట్రేట్ నుంచి వచ్చేది అదే నైట్రైట్. శరీరానికి ఆ తేడా తెలియదు.

2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, 10 దేశాల నుంచి వచ్చిన 22 మంది నిపుణుల సమీక్ష తర్వాత, ప్రాసెస్ చేసిన మాంసాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ అవకాశం దాదాపు 18 శాతం పెరుగుతుందని లెక్క చెప్పింది. పొగాకు కూడా అదే వర్గంలో ఉందని, రెండూ ఒకే స్థాయి ప్రమాదమని అనుకోకూడదు. ఆ వర్గం సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. అలాగే 18 శాతం అంటే నూటికి 18 మందికి వస్తుందని కాదు, మామూలుగా ఉండే అవకాశం అంత మేరకు పెరుగుతుందని. ఇక్కడ నన్ను ఆపింది 50 గ్రాముల అంకె. డబ్బా మీది ఒక్క సర్వింగ్ దాని కన్నా ఎక్కువ. కాబట్టి "రోజూ" అన్న మాటను పట్టుకోండి. ప్రత్యామ్నాయం ఉన్నప్పుడు డబ్బాను రోజువారీ తిండి చేసుకోవద్దు.

లేబుల్ మీద రాయని పోషకాలు

ఒక మంచి మాట కూడా చెప్పాలి. డబ్బాలో వేడికి తట్టుకుని నిలిచేవి ఉన్నాయి. ఉప్పు పెట్టిన గొడ్డుమాంసం 100 గ్రాముల్లో దాదాపు 2 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. దానిలో కొంత హీమ్ ఇనుము, శరీరం సులువుగా తీసుకునే రకం. రోజుకు కావలసిన విటమిన్ బి12లో సగానికి పైగా, జింకు కూడా బాగానే అందుతాయి. పోయేది ముఖ్యంగా థయమిన్, అంటే విటమిన్ బి1. పచ్చి పంది మాంసం దానికి పేరుపొందింది గాని, డబ్బాను వేడి చేసే దశలో చాలా భాగం నశిస్తుంది. పీచుపదార్థం అసలే ఉండదు. పళ్లెంలో కూరగాయ ఉండి తీరాలని నేను పట్టుబట్టేది అందుకే.

వండేటప్పుడు

అయిదు మిల్లీమీటర్ల మందంలో పలుచగా కోయండి. అదే బరువు ఎక్కువ ముక్కలుగా కనిపిస్తుంది, తినేవారికి తృప్తిగా ఉంటుంది. ఉప్పు లేని నీటిలో నాలుగైదు నిమిషాలు సన్న మంట మీద ఉంచి ఆ నీటిని పారబోయండి. ఆ నీటిని ఒక చుక్క రుచి చూస్తే ఎంత ఉప్పు దిగిందో మీకే తెలుస్తుంది. నీటిలో కరిగే విటమిన్లు కొన్ని దానితో పోతాయి, పోనివ్వండి. కాని ఎంత సోడియం తగ్గిందో ఇంట్లో కొలవలేం కాబట్టి, లెక్క రాసుకునేటప్పుడు లేబుల్ అంకెనే రాసుకోండి. తగ్గింది కదా అని ముక్కలు పెంచవద్దు.

వేయించాలంటే నూనె వేయకండి. దానిలోని కొవ్వే కరిగి వస్తుంది, అది వంపేయండి. మాడ్చవద్దు. నైట్రైట్ వేసిన మాంసం గట్టి మంట మీద నల్లబడే కొద్దీ హానికరమైన పదార్థాలు పెరుగుతాయి. అంచులు బంగారు రంగుకు రాగానే దించండి. పక్కన వేసే వాటిలో ఉప్పు, ఉప్పుతో చేసిన సాసులు, చీజ్ వద్దు.

చీఫ్ ఇంజినీర్ గారికి ఆ తర్వాత నేను పెట్టిన పళ్లెం ఇది. ఒక సర్వింగ్ మాంసం, 56 గ్రాములు, తూచి. రెండు ఉడికించిన గుడ్లు. ఉప్పు లేకుండా ఉడికించిన బంగాళాదుంపలు, మిరియాలు, మగ్గిన ఉల్లిపాయలు, క్యాబేజీ. మాంసంలో ప్రొటీన్ 7 గ్రాములు, గుడ్లలో 12, మొత్తం 19. అర డబ్బా తిన్నప్పుడు వచ్చింది 21. రెండు గ్రాములే తేడా. సోడియం మాత్రం 2,370 నుంచి 930 దగ్గరికి దిగింది. అదీ రోజుకు ఒక్క పూట. రెండో పూటకు పప్పుధాన్యాలతో సరిపెట్టాను. రేవు చేరాక ఆయనను డాక్టరు చూసి మందు మార్చారు. తిండి ఒక్కటే ఆయనను బాగుచేసిందని నేను అనను. కాని బూట్లు మళ్లీ వేసుకున్నది రేవు రాకముందే.

పసిపిల్లలకు ఈ డబ్బాలు పెట్టకండి. కాస్త ఎదిగిన పిల్లలకు కూడా పెద్దవాళ్ల హద్దు వర్తించదు, వాళ్లది ఇంకా చిన్నది.

తెరిచే ముందు, తెరిచిన తర్వాత

ఉబ్బిన డబ్బా, కారుతున్న డబ్బా, అతుకు మీద నొక్కుకుపోయిన డబ్బా, తెరవగానే ద్రవం చిమ్మిన డబ్బా పారేయండి. రుచి చూసి తేల్చుకుందామని అనుకోవద్దు. బొట్యులినం విషానికి వాసన, రంగు ఉండకపోవచ్చు. డబ్బా అంటే బయట ఉంచినా పాడుకాదని కూడా అనుకోకండి. కొన్ని పంది తొడ మాంసం డబ్బాలను తక్కువ వేడితోనే తయారు చేస్తారు. వాటి మీద ఫ్రిజ్‌లో ఉంచాలని రాసి ఉంటుంది. ఒక కొత్త సహాయకుడు అలాంటివి ఆరింటిని మామూలు అరలో సర్దితే, నాలుగో రోజున చూసి ఆరింటినీ పారేశాము. ఆ మాట డబ్బా మీద ఎక్కడుందో వెతికి చదవండి.

గొడ్డుమాంసం డబ్బా ఒక వైపు వెడల్పుగా, మరో వైపు సన్నగా ఉంటుంది. ఆ ఆకారానికి 1875లో షికాగోలో పేటెంటు తీసుకున్నారు, ముద్ద విరగకుండా ఒక్కటిగా జారి రావడానికి. కాబట్టి వెడల్పు వైపు తెరిచి దించండి. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తెరిస్తే కొవ్వు గట్టిపడి తీయడం తేలిక, సమానంగా కోయడమూ తేలిక.

మిగిలినది డబ్బాలోనే ఉంచకుండా మూత ఉన్న గాజు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. మూత మీద తెరిచిన తేదీ రాస్తాను. దాని కింద మిగిలిన గ్రాములు, ఆ గ్రాములకు ఎంత సోడియమో కూడా రాస్తాను. మర్నాడు గిన్నె తీసేది నేను కాకపోవచ్చు.